ఫైలు వచ్చింది... పాఠం రాలేదు!

ఇంట్లో కూర్చుని డిగ్రీ చదివించే సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో ముందుగా పుట్టింది తెలుగునేల మీదే. ఇప్పుడు ఫోన్‌లోనే క్లాసు, ఫోన్‌లోనే నోట్స్, ఫోన్‌లోనే పరీక్ష. చూపులేని, వినపడని విద్యార్థుల దాకా మాత్రం ఆ పాఠం పూర్తిగా చేరడం లేదు. కావలసిన సాధనాలు ఉన్నాయి, చాలావాటికి పైసా ఖర్చు లేదు. మరి ఎక్కడ ఆగిపోతోంది?

డిగ్రీ కాలేజీ వాట్సాప్ గ్రూపులో రాత్రి తొమ్మిదింటికి సార్ నాలుగు ఫొటోలు పెడతారు. రేపటి యూనిట్ నోట్స్, చేతిరాతలో. అందరూ బొటనవేలి గుర్తు పెట్టి పడుకుంటారు. అదే గ్రూపులో చూపులేని విద్యార్థి ఒకరుంటే, ఆ సందేశం మీద వేలు పెట్టగానే, తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ చెప్పేది ఒక్కటే మాట: ‘ఫొటో’. తర్వాతి పేజీకి వెళ్తే మళ్లీ ‘ఫొటో’. నాలుగు పేజీల అర్థశాస్త్రం అక్కడికి సరి. సార్ పంపలేదని అనడానికి లేదు. అందలేదని అనడానికీ లేదు, నీలం టిక్కులు పడ్డాయి కదా!

ఇందులో సార్‌ను విలన్‌ను చేయనక్కర్లేదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. కాలేజీలో ర్యాంపు కట్టారు, లిఫ్టు బటన్ల మీద బ్రెయిలీ చుక్కలు అతికించారు, డిసెంబరు 3న దివ్యాంగుల దినోత్సవం జరిపి శాలువా కప్పారు. పాఠం ఏ రూపంలో వెళ్తోందన్నది మాత్రం ఎవరి పనీ కాకుండా మిగిలిపోయింది. తయారుచేసేటప్పుడే అందరికీ అందేలా చేస్తే పది నిమిషాల్లో అయ్యే పని, ఆ తర్వాత సరిచేయాలంటే వారాలు పడుతుంది. ఈ వ్యవహారమంతటికీ కీలకం అదే.

రేడియో పోయి టీవీ వచ్చె...

దూరవిద్య మనకు కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే దూరవిద్య విభాగం పెట్టి పోస్టులో పాఠాలు పంపింది. 1982 ఆగస్టు 26న పుట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆ తరహా వాటిలో దేశంలోనే మొదటిది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు మీద ఉంది. దాని తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డికే 1985లో ఇగ్నో పగ్గాలు కూడా అప్పగించారు. ఆకాశవాణిలో పాఠం, దూరదర్శన్‌లో పాఠం, సెలవు రోజున స్టడీ సెంటర్లో క్లాసు. కొలువు చేసుకుంటూనో, పిల్లల్ని పెంచుకుంటూనో డిగ్రీ పట్టా అందుకున్న తరం అలా తయారైంది. అంతకుముందు 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చదువు కోసమే తయారైన ఎడ్యుశాట్ 2004 సెప్టెంబరు 20న నింగికెగిరింది మన శ్రీహరికోట నుంచే.

ఈ ప్రయాణంలో ఒక్కో మలుపు దగ్గర ఒకరు బండి ఎక్కారు, ఇంకొకరు దిగిపోయారు. రేడియో పాఠం చూపులేనివారికి దక్కింది, వినపడనివారికి ఏమీ మిగల్చలేదు. టీవీ వచ్చాక బోర్డు కనపడింది కాబట్టి మాస్టార్లకు నోటితో పూర్తిగా చెప్పే అవసరం తప్పింది. ‘దీన్ని తీసుకెళ్లి ఇక్కడ వేస్తే, ఇది ఇలా వస్తుంది’ అన్నారనుకోండి. చూసేవారికి అది చక్కటి వివరణ. చూడలేనివారికి ఆ వాక్యంలో ఏముంది? ‘దీన్ని’ ఏదో తెలీదు, ‘ఇక్కడ’ ఎక్కడో తెలీదు, చివరికి ఏం వచ్చిందో అసలే తెలీదు. ఇవాళ్టి ఆన్‌లైన్ క్లాసుల్లోనూ ఇదే భాష నడుస్తోంది.

చిత్రమేమిటంటే, దూరాన ఉన్నవాళ్లు అక్షరాలతో మాట్లాడుకునే పద్ధతికి బాటవేసినవారిలో వినపడనివారు ముందున్నారు. అమెరికాలో వినికిడి లేని భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ 1964లో మామూలు టెలిఫోన్ లైను మీదుగా టైపు చేసిన మాటలు పంపే మోడెం తయారుచేశాడు. ఇంటర్నెట్‌కు పునాది వేసినవారిలో ఒకరైన వింట్ సెర్ఫ్‌కు చిన్నప్పటి నుంచే వినికిడి తక్కువ. ఈమెయిల్ మీద తనకు అంత మక్కువ కలగడానికి అదీ ఒక కారణమని ఆయనే చెప్పుకున్నారు. అవసరం ఉన్నవారు కనిపెట్టినదాన్ని లోకమంతా వాడుకుంటోంది. వారి వంతు వచ్చేసరికి ‘బడ్జెట్ లేదు’ అంటోంది.

తెర మీద తెలుగు, కింద డాలరు గుర్తులు

ఫొటో మానేసి పీడీఎఫ్ పంపితే సరిపోతుందా? ఇంగ్లిష్ విద్యార్థికి చాలావరకు సరిపోతుంది. తెలుగు విద్యార్థికి ఇక్కడే అసలు ముడి పడుతుంది.

కంప్యూటర్లో ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ తెరను చూడదు. అక్షరం వెనకున్న అంకెను చదువుతుంది. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ అంకెలు కేటాయించిన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. అందులో ‘అ’ అంకె 3077, ‘క’ అంకె 3093. ఫోన్‌లో మనం టైపు చేసే తెలుగంతా ఇదే. కానీ డీటీపీ కాలం నుంచి మన అచ్చు రంగం నడిచింది అను ఫాంట్ల మీద, పేజ్‌మేకర్ మీద. ఆ పద్ధతిలో కంప్యూటర్‌కు తెలుగు తెలీదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ ఉన్న అంకెల మీద తెలుగు బొమ్మలు కప్పారంతే. తెర మీద ముత్యాల్లాంటి తెలుగు కనపడుతుంది. దాన్నే కాపీ చేసి ఈమెయిల్‌లో పెడితే డాలర్లూ కామాలూ బ్రాకెట్లూ వచ్చి పడటం మనలో చాలామందికి అనుభవమే. స్క్రీన్ రీడర్ వినిపించేది కూడా ఆ కంగాళీనే. కావ్యం గురించిన పాఠమైనా, కంపెనీ చట్టమైనా విద్యార్థి చెవికి వినపడేది ఒకటే గోల.

ఆ రోజుల్లో వేరే దారి లేదన్నది నిజం. పేజ్‌మేకర్ యూనికోడ్‌ను గుర్తించదు. ఇప్పుడా సాకు చెల్లదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి అనే యూనికోడ్ ఫాంటు ఉంది. మండలి, రామభద్ర, గిడుగు, సురవరం, ధూర్జటి వంటి అందమైన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఇన్‌డిజైన్ వత్తులను, గుణింతాలను సరిగ్గానే కూరుస్తుంది. పాత అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలూ ఉన్నాయి. మారాల్సింది డీటీపీ సెంటర్లో అలవాటైపోయిన కీబోర్డు, ‘మాకు ప్రింటు బాగుంటే చాలు’ అనే ధోరణి. విద్యార్థుల కోసం పుస్తకం వేసే ఏ సంస్థయినా టెండరు కాగితంలో ‘యూనికోడ్ ఫైలు కూడా ఇవ్వాలి’ అని ఒక్క వాక్యం చేరిస్తే చాలు, మొత్తం గొలుసు దారికొస్తుంది.

స్కాన్ చేసిన పుస్తకాల సంగతి వేరు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరిట హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ భాగస్వామ్యంతో వేల తెలుగు పుస్తకాలు నెట్‌కెక్కాయి. పరిశోధకులకు అదొక నిధి. అయితే అవన్నీ పేజీల బొమ్మలే. బొమ్మలోని అక్షరాన్ని గుర్తుపట్టే ఓసీఆర్ తెలుగుకూ ఉంది, ఏటికేడాది మెరుగవుతోంది. కానీ మన ప, వ, ష, మ చూడండి, అన్నీ ఒక్క గీత తేడా. పాత అచ్చులో సిరా కాస్త చిమ్మితే కంటితో చదివేవారే తడబడతారు. యంత్రం చేసిన తప్పును మనిషి దిద్దాల్సిందే. తలా పది పేజీలు దిద్దితే సెమిస్టరు పుస్తకం ఒక క్లాసు చేతిలో పని. ఎన్నెస్సెస్ మార్కులకు చెట్లు నాటించే కాలేజీలు ఈ పని కూడా ఎందుకు అప్పగించవో అర్థం కాదు.

చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఖరీదనే భయం కూడా పాతదే. అమెరికా నుంచి వచ్చిన ‘జాస్’ ఇప్పటికీ ఖరీదైనదే. 2006లో మైఖేల్ కర్రన్, జేమీ టే అనే ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లు, ఇద్దరూ చూపులేనివారే, ఉచితంగా అందరికీ ఇచ్చేలా ‘ఎన్‌వీడీఏ’ రాశారు. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లి ఏ విండోస్ కంప్యూటర్లోనైనా నడపొచ్చు. అందులోనే వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. మొదటిసారి విన్నవారికి ఆ గొంతు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంటుంది. అలవాటైనవారు దాన్నే మనం అందుకోలేని వేగంతో వింటారు.

ఇంకొక చిన్న సంగతి. మూడొందల పేజీల ఫైలులో అధ్యాయం పేరును బోల్డ్ చేసి, అక్షరం పెద్దది చేసి వదిలేస్తే కంటికి అది శీర్షిక, యంత్రానికి మామూలు వాక్యం. వర్డ్‌లో ‘హెడింగ్’ స్టైల్ ఎంచుకుంటే స్క్రీన్ రీడర్‌లో హెచ్ మీట నొక్కుతూ అధ్యాయం నుంచి అధ్యాయానికి గెంతొచ్చు. లేదంటే ఏడో అధ్యాయం కోసం ఒకటో పేజీ నుంచి వింటూ పోవాలి. పరీక్ష ముందురోజు రాత్రి అది ఎలా ఉంటుందో ఊహించుకోండి.

లెక్కలు నీకెందుకన్నారు

మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా కథ 2024లో సినిమాగా వచ్చాక అందరికీ తెలిసింది. పదో తరగతి తర్వాత సైన్స్ గ్రూపు తీసుకుంటానంటే చూపులేనివారికి కుదరదన్నారు. గ్రాఫులుంటాయి, బొమ్మలుంటాయి అన్నది అప్పటి కారణం. టీచరు అండతో హైకోర్టుకు వెళ్లి సీటు సాధించుకున్నారు. పాఠాలను ఆడియోగా మార్చుకుని చదివి మంచి మార్కులు తెచ్చుకున్నారు. ఐఐటీ కోచింగ్‌లో చేర్చుకోలేదు. అమెరికాలోని ఎంఐటీ చేర్చుకుంది. సినిమాలో పాటలూ కన్నీళ్లూ ఉన్నాయి. నాకు ఎక్కువ నచ్చేది ఆ ఆడియో పాఠాలు తయారుచేసిన టీచరు పని, దాని మీద ఇంకా సినిమా రాలేదు.

లెక్కలను చెవితో చదవడం కష్టమన్నది అబద్ధం కాదు. ‘ఆరు ప్లస్ నాలుగు బై రెండు’ అని చదివితే జవాబు ఎంత? ఆరు, నాలుగు కలిపి భాగిస్తే 5. నాలుగును మాత్రమే భాగించి కలిపితే 8. కాగితం మీద గీత పొడవు చూస్తే తేలిపోయేది, మాటలో తేలదు. ఈ చిక్కును విప్పినవాడు మనదేశం వాడే. పుణెలో పుట్టి, పద్నాలుగేళ్లకు గ్లకోమాతో చూపు పోగొట్టుకుని, ఐఐటీ బాంబేలో చదివి అమెరికా వెళ్లిన టి.వి. రామన్ 1994లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పీహెచ్‌డీ గ్రంథం దీని మీదే. సూత్రాలను టైపు చేయడానికి వాడే లేటెక్‌లో రాసిన గణితాన్ని అర్థవంతంగా చదివి వినిపించే ప్రోగ్రాం అది. ఘాతాంకం వచ్చినప్పుడు గొంతు స్థాయి పెరుగుతుంది, కింద రాసే గుర్తు వచ్చినప్పుడు తగ్గుతుంది. తనకు దారి చూపిన కుక్క పేరు ‘ఆస్టర్’నే దానికి పెట్టుకున్నారు. ఆ తర్వాత 1998లో వెబ్ పేజీల కోసం మ్యాథ్ఎంఎల్ ప్రమాణం వచ్చింది. సూత్రాన్ని బొమ్మగా అతికించకుండా మ్యాథ్ఎంఎల్‌లోనో లేటెక్‌లోనో రాస్తే ఇవాళ చదివించుకోవడానికి మార్గముంది. దశాబ్దాల కిందటే తాళంచెవి దొరికింది. మనం ఇంకా లెక్కను బోర్డు మీద రాసి ఫొటో తీస్తున్నాం.

‘అందరూ వీడియో ఆపేయండి’

2020 మార్చిలో కాలేజీలు మూతపడి క్లాసులన్నీ జూమ్‌లోకీ, గూగుల్ మీట్‌లోకీ మారాయి. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊళ్ల నుంచి పిల్లలు చేరేవారు కాబట్టి మొదట వినపడే ఆదేశం ‘అందరూ వీడియో ఆపేయండి’. న్యాయమైన మాటే. పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునే విద్యార్థికి ఆ క్షణంతో క్లాసు అయిపోయింది. సైగభాష వాడేవారికి మరో రకం కష్టం. ఎవరి గొంతు వినపడితే వారిని తెర మీద పెద్దగా చూపించడం ఈ యాప్‌ల తీరు. చేతులతో మాట్లాడేవారికి చప్పుడుండదు, కాబట్టి వారు ఎంత మాట్లాడినా మూల చిన్న గడిలోనే ఉండిపోతారు. సైగభాషా అనువాదకులను విడిగా చూపించే ఏర్పాటును జూమ్ 2022 చివర్లో తెచ్చింది. జూమ్ ఉచిత ఖాతాలకు ఆటోమేటిక్ క్యాప్షన్లు 2021 అక్టోబరులో వచ్చాయి, అదీ ముందు ఇంగ్లిష్‌లో. అప్పటికే మూడు సెమిస్టర్లు గడిచిపోయాయి.

తెలుగులో మాటను అక్షరంగా మార్చే సాధనాలూ వచ్చాయి. భారతీయ భాషల సాంకేతికత కోసం కేంద్రం 2022లో మొదలుపెట్టిన భాషిణిలో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌ది పెద్ద పాత్ర. కానీ మన క్లాసులో వినపడే తెలుగు ఎలా ఉంటుంది? ‘ఈ ఈక్వేషన్‌ని డిఫరెన్షియేట్ చేసి లిమిట్స్ వేస్తే...’ ఒకే వాక్యంలో రెండు భాషలు, పైగా యాస. కృష్ణా జిల్లా సార్ ‘ధర పెరుగుద్ది’ అంటే యంత్రం ‘ధర పెరగదు’ అని రాసిందనుకోండి, పరీక్షలో మార్కులు పోయేది చదివినవాడికే. అందుకే క్లాసు అయ్యాక ఎవరో ఒకరు ఆ రాతను ఒకసారి దిద్ది గ్రూపులో పెట్టాలి. దిద్దిన రాత వినపడనివారికే కాదు, కరెంటు పోయి సగం క్లాసు తప్పినవారికీ, ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఇంగ్లిష్ ఉచ్చారణ అందక తికమకపడేవారికీ పనికొస్తుంది.

కలిసి చేసే ప్రాజెక్టుల్లో ఇంకో బాధ ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మాస్టారు మాట్లాడుతుండగా పక్కన చాట్‌లో ‘ఎస్ సార్’, ‘ఓకే సార్’, ‘గుడ్ మార్నింగ్ సార్’ అంటూ అరవై సందేశాలు వస్తాయి. స్క్రీన్ రీడర్ వాడే విద్యార్థి చెవిలో మాస్టారి గొంతు మీద ఆ అరవై కూడా వరసగా వినపడతాయి. చాట్ వినిపించకుండా సెట్టింగ్ మార్చుకోవచ్చు. అప్పుడు అందులో వచ్చిన లింకు, ప్రశ్న కూడా పోతాయి. చాట్‌లో వచ్చిన ముఖ్యమైన మాటను మాస్టారు ఒకసారి పైకి చదివితే సమస్య తీరిపోతుంది. ఇందులో టెక్నాలజీ ఏమీ లేదు, మర్యాద ఉంది. ఇక వెబ్‌కెమెరా ముందు కూర్చోబెట్టి కళ్ల కదలికలను కనిపెట్టే పరీక్షలున్నాయి. తెరవైపు చూడని కళ్లను దొంగ కళ్లుగా లెక్కగట్టే యంత్రం ముందు చూపులేని అభ్యర్థిని కూర్చోబెట్టడం, నా దృష్టిలో, పరీక్ష కాదు, అవమానం.

తీసేసి చేతులు దులుపుకొన్నారు

అందుబాటు గురించి మాట్లాడేటప్పుడు అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం పేరు తప్పకుండా వస్తుంది. ఆ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి క్లాసులను రికార్డు చేసి లోకమంతటికీ ఉచితంగా పెట్టింది. వాటిలో చాలావాటికి క్యాప్షన్లు లేవు. వినపడనివారి కోసం 1864లో ఏర్పడిన గాలొడెట్ విశ్వవిద్యాలయ ఉద్యోగులు ఇద్దరు ఫిర్యాదు చేశారు. విచారించిన న్యాయశాఖ 2016 ఆగస్టులో సరిచేయమని లేఖ రాసింది. బర్కిలీ ఏం చేసింది? 2017 మార్చిలో 20 వేలకు పైగా ఆడియో, వీడియో పాఠాలను జనానికి అందకుండా తీసేసింది. ఖర్చు భరించలేమంది.

ఇంటర్నెట్‌లో తిట్లు ఎవరికి పడ్డాయో చెప్పక్కర్లేదు. ‘మీవల్లే అందరికీ పోయింది’ అని వినపడనివారిని ఆడిపోసుకున్నారు. నిజానికి తీసేయమని న్యాయశాఖ అనలేదు. రికార్డు చేసిన రోజునే క్యాప్షన్ పెట్టి ఉంటే ఒక్కో పాఠానికి చిన్న ఖర్చుతో పోయేది. ఏళ్ల నిర్లక్ష్యం ఒకేసారి బిల్లుగా వచ్చేసరికి గుండె గుభేలుమంది. హార్వర్డ్, ఎంఐటీల మీద కూడా 2015లో ఇదే కారణంతో బధిరుల జాతీయ సంఘం దావా వేసింది. ఆ రెండూ చివరకు క్యాప్షన్లు పెట్టడానికి ఒప్పుకున్నాయి. బర్కిలీ సైతం 2022లో న్యాయశాఖతో రాజీకి వచ్చి, తన ఆన్‌లైన్ పాఠాలను అందరికీ అందేలా మారుస్తానని ఒప్పుకుంది. అంటే ఖర్చూ తప్పలేదు, పరువూ పోయింది. మన విశ్వవిద్యాలయాలు ఇప్పుడిప్పుడే వేల వీడియోలు పోగుచేస్తున్నాయి. వాటిలో ఎన్నింటికి అక్షరరూపం ఉందో ఇప్పుడే చూసుకోవడం మంచిది.

మన చట్టం చేతకానిది కాదు

మనదేశంలో చట్టం లేదనుకుంటే పొరపాటు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, వైకల్యం ఉన్నవారి చదువు కోసం లాభాపేక్ష లేకుండా పుస్తకాన్ని వారికి అనువైన రూపంలోకి మార్చుకోవడానికి ప్రచురణకర్త అనుమతి అక్కర్లేదు. దీన్నే ప్రపంచమంతటికీ విస్తరించిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది భారతదేశమే. 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ పేరుతో ఆన్‌లైన్ గ్రంథాలయం తెరిచారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఏడు రకాల వైకల్యాల జాబితాను 21కి పెంచింది, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు ఇవ్వాలంది. సీటిచ్చి పాఠం ఇవ్వకపోతే ఆ 5 శాతం దేనికి? పైగా 2021 నుంచి ఒక సెమిస్టరులో ఒక కార్యక్రమానికి సంబంధించిన కోర్సుల్లో 40 శాతం దాకా ‘స్వయం’ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక మీద చదువుకునే వీలుంది. అలాంటప్పుడు ఆన్‌లైన్ పాఠం అందకపోతే డిగ్రీయే అందదు.

2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ ముఖ్యం. అందుబాటు ప్రమాణాలను సలహాల్లా రాసిపెట్టిన నిబంధన చట్టానికే విరుద్ధమంది. తప్పనిసరిగా పాటించాల్సిన కనీస ప్రమాణాలను మూడు నెలల్లో తయారుచేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదికను రాసింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉన్న వైకల్య అధ్యయన కేంద్రం. అంటే దేశానికి దారి చూపిన కాగితం మన షామీర్‌పేటలో తయారైంది. దాన్ని ముందుగా అమలు చేసి చూపాల్సింది కూడా తెలుగు విశ్వవిద్యాలయాలే.

కాలేజీల్లో పాఠాలు చెబుతున్నవారికి ఒక విన్నపం. నోట్స్‌ను యూనికోడ్‌లో టైపు చేయండి. చేత్తో రాయక తప్పకపోతే ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది, రాసినదాన్ని దానికి చదివి వినిపించి, వచ్చిన రాతలో తప్పులు దిద్ది పంపండి. క్లాసుకు ఒకరోజు ముందు పంపండి. బోర్డు మీద రాసేదాన్ని నోటితో కూడా చెప్పండి.

విద్యార్థులు, తల్లిదండ్రులు చేయాల్సిందీ ఉంది. అడ్మిషన్ రోజునే సమాన అవకాశాల విభాగం ఎక్కడుందో అడగండి. ఏ రూపంలో పాఠం కావాలో కాగితం మీద రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. పని జరగకపోతే అదే కాగితాన్ని జతచేసి రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. 2016 చట్టం కింద ఆ ఫిర్యాదును విచారించే అధికారం కమిషనర్‌కు ఉంది.